గడప లోపల తిన్న పిల్లి

మా ఇంట్లో అప్పటికే రెండు పిల్లులున్నాయి. నన్నడిగితే ఆ రెండూ ఎక్కువే. ఒకటి ఎర్రది, మగది, తిని బలిసింది. టీవీ పైన చెక్క మీద సెటప్ బాక్సు పెట్టుకున్నాం, అది వెచ్చగా ఉంటుందని పొద్దంతా దాని మీదే పడుకుంటుంది. తోక కిందికి వేలాడేస్తుంది. మా ఇంట్లో వార్తలు చదివే ప్రతి మనిషికీ ఒక ఎర్ర మీసం ఉంటుంది. రెండోది తెల్లది, ఆడది. మా అత్తమ్మ కాళ్ళు చాపుకొని, ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుడుతుంటే ఆ చాట కింద దూరి కూర్చుంటుంది. లేపితే గీరుతుంది, లేపకపోతే అత్తమ్మ కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. రెండింటికీ నేనే బాధ్యురాలినన్నట్టు అత్తమ్మ నన్ను పిలుస్తుంది.

వాటిని పెంచింది నేను కాదు. నేను ఎల్లారెడ్డికి కోడలిగా రాకముందే ఈ ఇంట్లో పిల్లులున్నాయి. బియ్యం బస్తాలున్న ఇంట్లో పిల్లి ఉండాలన్నది మా మామ సిద్ధాంతం. ఈ రెండూ ఎలుకను పట్టగా నేనెప్పుడూ చూడలేదు. మా ఆయన మస్కట్ పోయేటప్పుడు నాకు మూడు అప్పజెప్పాడు: అమ్మ, బాపు, పిల్లులు. వరుస అదే అయినా ఫోన్ చేసినప్పుడు మొదట అడిగేది మాత్రం ఎర్రదాన్ని.

మూడోది వానలు మొదలైనప్పుడు వచ్చింది. నల్లది, ఒక చెవి చిరిగిపోయి, పక్కటెముకలు కనబడుతూ, గేటు బయట గోడ వారగా ముడుచుకొని కూర్చుంది. ఎవరో వద్దనుకున్న పిల్లిని గోనెసంచిలో తెచ్చి మా వాడకట్టులో వదిలిపోయారని అత్తమ్మ అనుమానం. పిల్లిని చంపితే మహాపాపం, పక్కూళ్ళో వదిలితే ఏ పాపమూ లేదు, మా వైపు లెక్క అది. నాలుగు రోజులు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. తర్వాత మిగిలిన అన్నంలో ఇంత పెరుగు కలిపి గేటు దగ్గర పెట్టాను. అంతే, ఇక అది అక్కడి నుంచి కదిలితే ఒట్టు.

అది ఎప్పటిలాగే ఒక పిల్లి గొడవగా మిగిలేది, మామ కంటి సంగతి దానికి తోడు కాకపోతే.

మామకు ఉన్నది ఒక్క కన్నే. కుడి కన్ను. ఎడమ కంటికి చాలా ఏళ్ళ కింద పొర వస్తే ఆపరేషన్ అయింది. ఆపరేషన్ బాగానే అయింది. ఇంటికొచ్చాక, పొలం దగ్గర రాత్రి కరెంటు వచ్చిందని తెలిసి ఈ మనిషి పట్టీ ఊడదీసుకొని మోటరు వేయడానికి పోయాడు. బురద చేతులతో కన్ను నలుపుకున్నాడు. చీము పట్టి కన్ను పోయింది. మా మామ లెక్కలో కరెంటుదీ తప్పు కాదు, బురదదీ తప్పు కాదు, తనది అసలే కాదు. ఆ రోజు ఆపరేషన్‌కు బయల్దేరుతుంటే పిల్లి ఎదురొచ్చింది, లెక్క చేయక పోయాడు, అదీ తప్పు.

ఇప్పుడు కుడి కంటికీ పొర వచ్చింది. కనబడుతున్నదా అంటే "మంచిగ కనబడుతది" అంటాడు. ఒకరోజు చారనుకొని అన్నంలో మంచినీళ్ళు పోసుకొని తిన్నాడు. నేను చూస్తున్నాను, ఆయన మొత్తం తిని చెయ్యి కడుక్కున్నాడు. ఇక ఆగితే లాభం లేదని బలవంతాన కామారెడ్డి తీసుకుపోయి చూపించాను. పొర బాగా ముదిరిందని, వెంటనే చేస్తే చూపు వస్తుందని, ఇంకా నాన్చితే ఎంత వస్తుందో చెప్పలేమని డాక్టరమ్మ నా ముఖం మీదే చెప్పింది. ఆపరేషన్‌కు రోజు కూడా రాయించుకొని వచ్చాను.

ఆ రోజు పొద్దున్నే లేచి సంచి సర్దాను. తువ్వాల, లుంగీ, రిపోర్టులు, నీళ్ళ సీసా, అత్తమ్మ కట్టిచ్చిన సద్ది. మామ తెల్ల అంగీ తొడుక్కొని చేతికర్ర పట్టుకొని వాకిట్లోకి వచ్చాడు. గేటు తీశాను. నల్లది గోడ వార నుంచి లేచి, ఒళ్ళు విరుచుకొని, తీరుబడిగా మా ముందు నుంచి అటువైపుకు నడిచిపోయింది.

మామ ఆగాడు. వెనక్కి తిరిగాడు. పోయి మంచం మీద కూర్చున్నాడు.

"ఇయ్యాల పోవుడు గాదు బిడ్డా. పిల్లి ఎదురొచ్చింది."

"మామా, ఎర్రది పొద్దందాక మీ కాళ్ళల్లనే తిరుగుతది. దానికి లేని శకునం దీనికేంది?"

"గది ఇంటి పిల్లి. గడప లోపల బువ్వ తిన్నదానికి శకునం లేదు. గిది బయటిది."

కాసేపు కూర్చొని, కాళ్ళు కడుక్కొని, మంచినీళ్ళు తాగి పోదామన్నాను. మామూలు పనులకైతే అది సరిపోతుందట, కంటి పనికి సరిపోదట. ఇంత వివరంగా శకునశాస్త్రం రాసిన మహానుభావుడెవరో నాకు ఎదురుపడితే బాగుండుననుకున్నాను. దవాఖానకు ఫోన్ చేసి మామకు జ్వరమని చెప్పాను. పిల్లి అని ఏ నోటితో చెప్పను?

అక్కడి అమ్మాయి మళ్ళీ రోజు ఇచ్చింది. మళ్ళీ సంచి, మళ్ళీ సద్ది. ఈసారి నేను తెలివిగా గేటు బయటకు ముందు పోయి చూసి, పిల్లి లేదని రూఢి చేసుకొని, "రాండ్రి మామా" అన్నాను. ఆయన గడప దాటి నాలుగడుగులు వేశాడో లేదో, గోడ కింది మోరీలోంచి నల్లది బయటికి వచ్చి సరిగ్గా ఆయన కర్ర ముందు నుంచి పోయింది. ఈసారి దగ్గరి చుట్టం పోయాడని చెప్పాను ఫోన్లో. అవతల అమ్మాయి "అయ్యో" అని, "ఈసారి ఖాయంగ వస్తరా మేడం?" అంది. ఆ గొంతులో నా మాట నమ్మిన ఛాయలేమీ లేవు.

ఆ రాత్రి అన్నం తింటూ అడిగాను. "మామా, నల్లదానికి గూడ లోపలనే బువ్వ పెడత. అప్పుడు ఇంటిదైతదా?"

"పెట్టు. తింటే ఇంటిదే," అన్నాడు. ముద్ద కలుపుకుంటూ, "తినాలె గద," అన్నాడు.

ఆ మాటలో ఉన్న ధీమా ఏమిటో నాకు మర్నాడు తెలిసింది.

గడప లోపల గిన్నె పెట్టి తలుపు తీశాను. నల్లది వాసన పట్టి మెల్లగా వచ్చింది. ముక్కు గడప మీదికి వచ్చిందో లేదో, సెటప్ బాక్సు మీది నుంచి ఎర్రది ఒక్క దూకు దూకింది. అన్నేళ్ళుగా అది అంత వేగంగా కదలగలదని నాకు తెలియదు. ఎలుకలు రెండు కుండ మీద మూత తీసి తింటున్నా చూస్తూ పడుకునే జీవి! రెండూ కలబడి దొర్లుకుంటూ పోయి, అత్తమ్మ తడిగుడ్డలో చుట్టి పెట్టుకున్న బీడీల తునికాకు మీద పడ్డాయి. తెల్లది తనకేమీ సంబంధం లేకపోయినా వచ్చి చెరొకటి కొట్టి పోయింది. ఆకు చిరిగింది, గిన్నె బోర్లా పడింది, నల్లది గోడ దూకింది. అత్తమ్మ తిట్లన్నీ నాకే.

తర్వాతి రోజు రెండింటినీ లోపలి అర్రలో వేసి గొళ్ళెం పెట్టాను. ఎర్రది తలుపు గీరుతూ ఎవరో గొంతు కోస్తున్నట్టు అరిచింది. తెల్లది దానికి వంత. వాడకట్టు ఆడవాళ్ళు గోడ మీది నుంచి తొంగి చూశారు. ఆ గోలలోనే నల్లది వచ్చి, ముందరి కాళ్ళు గడప లోపల పెట్టి, మెడ చాచి గబగబా నాలుగు మెతుకులు తిన్నది. నాకు పండగైంది.

"మామా, తిన్నది! లోపల తిన్నది!"

మామ మంచం మీది నుంచే అత్తమ్మను సాక్ష్యానికి పిలిచాడు. "కాళ్ళు ఏడున్నయి దానియి?"

అత్తమ్మ బీడీకి దారం చుడుతూ తలెత్తి చూసింది. "ముందటియి లోపల, ఎనుకటియి బయట."

"సగం పిల్లి ఇంటిదైతదా? గాదు," అని తీర్పు చెప్పి అటు తిరిగి పడుకున్నాడు. అత్తమ్మ ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎలుకకు పిల్లి సాక్ష్యం అంటారు గానీ మా ఇంట్లో సాక్షి మరీ నిజాయితీ మనిషి.

మా ఆయనకు ఫోన్లో చెప్పుకొని ఏడిస్తే ఆయన నవ్వాడు. నవ్వి ఒక వీడియో పంపాడు. అందులో ఎవరో దొరసాని, పెద్ద సోఫా, రెండు బొచ్చు పిల్లులు. కొత్త పిల్లిని తువ్వాలతో తుడిచి, ఆ తువ్వాలను పాత పిల్లి పడుకునే చోట వేయాలట. వాసనకు అలవాటు పడి స్నేహం చేస్తాయట. ఆ దొరసాని ఇంట్లో తంబాకు వాసన లేదు, తునికాకు లేదు, మామ లేడు. అయినా సరే చేశాను. గేటు దగ్గర నల్లదాన్ని తువ్వాలతో తుడిచేసరికి అది నా ముంజేతి మీద మూడు గీతలు గీసింది. ఆ తువ్వాలను సెటప్ బాక్సు మీద పరిచాను. ఎర్రది వచ్చి వాసన చూసింది, ఒకసారి నా వైపు చూసింది, వెనక్కి తిరిగి తోకెత్తి ఆ తువ్వాలను నిలువునా తడిపింది. సెటప్ బాక్సు ఆ రోజు పోయింది. తువ్వాల మామదని తర్వాత తెలిసింది.

ఇక ఆ నెలంతా నేను కాలు కాలిన పిల్లిలా తిరిగాను. బ్లౌజులు కుట్టుకునే మిషను ముందు కూర్చుంటాను, గేటు చప్పుడైతే లేస్తాను. గిన్నెను రోజుకొక జానెడు లోపలికి జరుపుతాను. ఎర్రది ఎక్కడుంది, తెల్లది ఎక్కడుంది, నల్లది ఎక్కడుంది, మా మామ ఎక్కడున్నాడు, ఇదే నా ధ్యాస. ఎర్రది అలిగి రెండు రోజులు అన్నం మానేసింది. తెల్లది నా కొత్త చీర మీద కక్కింది. ఒకరోజు నల్లది వాకిలి దాకా వచ్చి నా కాలికి ఒళ్ళు రాసుకొని, నేను మురిసిపోయేలోపు ఆరేసిన వడియాల మీద నడుచుకుంటూ పోయింది. మొగుడి మీద కోపం వస్తే ఫోన్ పెట్టేయవచ్చు, పిల్లుల మీద కోపం వస్తే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

మామ మాత్రం ఆ రోజుల్లో హాయిగా ఉన్నాడు. అదే నాకు మంట. పొద్దున లేవగానే "లోపల తిన్నదా?" అని అడిగేవాడు. లేదంటే "ఊ" అని టీ అందుకునేవాడు. అందుకోవడంలో గ్లాసు పక్కన గాలిని పట్టుకునేవాడు. నేను గ్లాసును ఆయన చేతిలోకి జరిపేదాన్ని.

దవాఖాన వాళ్ళు ఇంకొక రోజు ఇచ్చారు. ఇదే ఆఖరన్నట్టే మాట్లాడింది ఆ అమ్మాయి. ముందు రోజు అత్తమ్మతో కూడా గట్టిగా చెప్పాను, రేపు పిల్లి కాదు, పులి ఎదురొచ్చినా తీసుకుపోతానని. అత్తమ్మ బీడీ కట్టలకు దారాలు కట్టుకుంటూ ఉండిపోయింది.

ఆ పొద్దున నేను లేచేసరికి మామ మంచం మీద లేడు. వంటింట్లో చూస్తే, ఆయనకు సద్దిలో కడదామని రాత్రి ఉడకబెట్టి పెట్టిన గుడ్లలో ఒకటి లేదు. ఎర్రదాని పనే అనుకున్నాను. వాకిట్లోకి వచ్చాను.

మామ గేటు దగ్గర గొంతుక్కూర్చొని ఉన్నాడు. చేతిలో గుడ్డు. పెంకు ఒలిచి, గుడ్డును చిన్న ముక్కలుగా తుంచుతూ, చాలా మెత్తటి గొంతుతో పిలుస్తున్నాడు.

"రా... రా... తిను. రా నాయనా."

నాకు అప్పుడు తెలిసింది. మొదటి రోజు, రెండో రోజు, అది సరిగ్గా ఆయన బయల్దేరే వేళకు ఎలా వచ్చిందో. అది వచ్చింది శకునానికి కాదు, గుడ్డుకు. దవాఖానకు పోయే పొద్దుల్లో ఈయనే దాన్ని మేపి గేటు దగ్గర ఉంచుకున్నాడు. నేను నెలరోజులు గీతలు పడి, తిట్లు తిని, తడిసిన తువ్వాలలు ఉతికి లోపలికి తెద్దామని చూస్తున్న పిల్లిని, ఈ పెద్దమనిషి గుడ్డు పెట్టి బయట నిలబెట్టుకుంటున్నాడు. ఒళ్ళంతా మండిపోయింది. ఈ రోజు మామ అని చూసేది లేదు, అడిగేస్తానని రెండడుగులు ముందుకు వేశాను.

అక్కడ పిల్లి లేదు.

గేటు పక్కన కనకాంబరం చెట్టుకు ఒక నల్ల కవరు చిక్కుకొని ఉంది. కిరాణా దుకాణంలో ఇచ్చే కవరు. గాలికి కొంచెం ఉబ్బుతోంది, కొంచెం కదులుతోంది. మామ దాని వైపే ముఖం పెట్టి, దాని ముందు గుడ్డు ముక్కలు వరసగా పెడుతున్నాడు.

"ఏమైందిరా నీకు ఇయ్యాల? రా."

వేయబోయిన మూడో అడుగు వెనక్కి తీసుకున్నాను. మామ చెయ్యి చాచి దాన్ని నిమరబోయాడు. కవరు చప్పుడైంది. ఆయన చెయ్యి దాని మీదే ఉండిపోయింది. వేళ్ళతో మెల్లగా తడిమాడు, ఇటు అటు. తర్వాత కవరును చెట్టు నుంచి విడిపించి, మడిచి, చిన్నగా మడిచి, అంగీ జేబులో పెట్టుకున్నాడు. నేనక్కడ ఉన్నానని ఆయనకు తెలుసో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. గేటు కమ్మి పట్టుకొని లేచి నిలబడ్డాడు.

"బిడ్డా," అని పిలిచాడు ఇంటి వైపు తిరిగి. "కామారెడ్డి బస్సు పోయిందా?"

"ఇంక పోలే మామా."

"తానానికి నీళ్ళు పెట్టు."

నీళ్ళు పెట్టడానికి లోపలికి పోయాను. ముందరి గదిలో అత్తమ్మ అప్పటికే చాట ముందు కూర్చొని ఉంది. ఆమె మోకాలి పక్కన, తోక నేల మీద చాపుకొని, నల్లది స్టీలు గిన్నెలో ఎండు రొయ్యలు కలిపిన బువ్వ తింటోంది. ఎర్రది పైనుంచి చూస్తూ గుర్రుమంటోంది, కానీ దిగడం లేదు. తెల్లది చాట కిందే ఉంది. పిల్లికి బిచ్చం పెట్టదని మా అత్తమ్మకు వాడకట్టులో పేరు. నేను మిషను మీదుండగా, మామ నిద్రపోయే మధ్యాహ్నాల్లో, చడీచప్పుడు లేకుండా ఒక్కొక్క రొయ్య వేసుకుంటూ దాన్ని ఇక్కడి దాకా తెచ్చుకుంది.

"ఎప్పటి సంది అత్తమ్మా?"

"వారం దాటె."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు చెప్పనిస్తివా? పొద్దందాక దాని ఎనుక ఉరుకుడే. ఉరికితే పిల్లి వస్తదా?"

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. వారం రోజులుగా గడప లోపల తింటున్న పిల్లి కోసం నేను వాకిట్లో వడియాలు పోగొట్టుకుంటున్నాను.

మామ తానం చేసి, అంగీ తొడుక్కొని, కర్ర పట్టుకున్నాడు. నేను సంచి భుజాన వేసుకున్నాను. వాకిలి సగం దాటామో లేదో, లోపల ఒక అరుపు, వెంటనే ఇంకొక అరుపు. ఎర్రదానికి ఓపిక ఆ కాసేపే ఉన్నట్టుంది. నల్లది బాణంలా బయటికి వచ్చి మామ కాళ్ళ ముందు నుంచి దూసుకుపోయింది, దాని వెనక ఎర్రది.

మామ ఆగిపోయాడు. "ఏం ఉరికింది?"

"పిల్లులు మామా."

"ఏది ముందట?"

అబద్ధం చెబితే తెలుసుకునే చూపు ఆయనకు లేదు. అందుకే చెప్పబుద్ధి కాలేదు. "నల్లది," అన్నాను.

ఆయన కదలలేదు. అప్పుడు గడప దగ్గర నుంచి అత్తమ్మ అరిచింది. "గది ఇంటిదే! ఇప్పుడే నా పక్కన కూసోని తిన్నది."

"లోపలనా?"

"లోపలనే."

"నాలుగు కాళ్ళు లోపలున్నయా?"

"తోక గూడ లోపలున్నది. నడువు ఇగ!"

అత్తమ్మ అబద్ధం ఆడదని మామకు తెలుసు. కర్ర ముందుకు వేశాడు. "నడువు బిడ్డా," అన్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. లింగంపేటలో జనం ఎక్కి దిగే గోలలో నా వైపు ఒరిగి, నాకు మాత్రమే వినబడేలా అడిగాడు. "గిది గూడ పోతే ఎట్ల బిడ్డా?"

నాకూ భయంగానే ఉంది. మొదటి నుంచీ ఉంది, కోపంలో పెట్టి మోస్తున్నానంతే. "పోదు మామా," అన్నాను. ఆయన నా చేతి సంచి పిడిని పట్టుకున్నాడు. కామారెడ్డి బస్టాండులో దిగేదాకా వదలలేదు.

ఆపరేషన్ అయింది. ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని పొలం దగ్గరికి పోయి మోటరు డబ్బాకు తాళం వేయడం. తాళంచెవి నా పుస్తెలతాడుకు కట్టుకున్నాను. మామ రోజుకు రెండుసార్లు కరెంటు వచ్చిందా అని అడిగేవాడు, నేను రెండుసార్లూ రాలేదని చెప్పేదాన్ని. పొలానికి నీళ్ళు పక్క పొలం వాళ్ళు పెట్టారు. ఇంట్లో మూడు పిల్లుల రాజ్యం. ఎర్రది కొత్త సెటప్ బాక్సును నల్లదానికి వదిలేసి ఫ్రిజ్ మీదికి మకాం మార్చింది. ఎందుకో ఎవరికీ తెలియదు. తెల్లది, నల్లది చాట కింది చోటు కోసం కొట్టుకుంటాయి. నల్లది ఇంటిదైంది గానీ ఇంటి బుద్ధి రాలేదు, తెరిచి ఉన్న ప్రతి గిన్నెలో మూతి పెడుతుంది. మా ఆయన ఫోన్ చేసి ఇప్పుడు మూడింటినీ అడుగుతాడు. నన్ను నాలుగోదిగా అడుగుతాడు.

కామారెడ్డిలో పట్టీ తీసిన రోజు డాక్టరమ్మ వేళ్ళు చూపించి అడిగితే మామ సరిగ్గానే చెప్పాడు. నల్లద్దాలు ఇచ్చారు. దారంతా ఆ అద్దాలు పెట్టుకొని బొమ్మలా కూర్చున్నాడు. ఇంటికొచ్చి, మంచం మీద పడుకోబెట్టి, అద్దాలు తీసి, చుక్కల మందు వేయడానికి ఆయన ముఖం మీదికి వంగాను. కుడి కన్ను తెరిచి పైకి చూశాడు. సీసా ముక్కును చూస్తున్నాడనుకున్నాను. నన్ను చూస్తున్నాడు. నుదుటి దగ్గర నుంచి పాపిట దాకా, మెల్లగా.

"నీ ఎంటికలు గింత నెరిసినయేంది బిడ్డా? ఎప్పుడు నెరిసినయి?"

"మీతోనే నెరిసినయి. మీతోటి, మీ పిల్లులతోటి. కదలకుండ్రి మామా, చుక్క పడాలె," అన్నాను గట్టిగా.

కానీ నాకే ఏమీ కనబడలేదు. మొదటి చుక్క ఆయన చెంప మీద పడింది.